వెనక్కి పిలవని మనిషి

తొమ్మిదేళ్లకే చేతికందిన సైకిలును పోగొట్టుకున్న ఘనత నాది. నిన్న ఇంగ్లీషు హోంవర్కు చేస్తూ మా పాప "వాక్ అవే అంటే ఏందమ్మా?" అంది. "వదిలేసి వెళ్లిపోవడం" అని చెప్పగానే అది గుర్తొచ్చింది.

పుదుచ్చేరిలో మాది పాత్రల అంగడి. బేరం కుదరక వెళ్లేవాళ్లను నాన్న వీధి మలుపు దాకా పోనిచ్చి వెనక్కి పిలిచేవాడు. లోకమంతా అంతే అనుకున్నాను.

ఊళ్లోనే గోరిమేడు పేటలో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక తెలుగు ఉద్యోగి తన కూతురి ఎర్ర సైకిలు అమ్ముతున్నాడు. నాన్నతో వెళ్లి చూడగానే ప్రాణం లేచొచ్చింది. అయినా మొహం చిట్లించి, "యాభై తగ్గించు మామా, లేకుంటే వద్దు" అని నాన్న చెయ్యి పట్టుకుని బయల్దేరాను.

మలుపు వచ్చింది, పిలుపు రాలేదు. పరుగున తిరిగొస్తే పక్కింటి పిల్ల దానిమీద కూర్చుని గంట కొడుతోంది!

"వద్దంటివి గదా పాపా, వాళ్లు అడిగితే ఇచ్చేసినా" అన్నాడాయన అమాయకంగా.

"పిలుస్తాడనే నేనూ అనుకుంటి" అన్నాడు నాన్న దారిలో. "యాపారి కాదు గదా, వద్దంటే వద్దనే అనుకున్యాడు."

వదిలేయడానికి సిద్ధపడినవాళ్లే వదిలేసి వెళ్లాలి. నిజం లెక్క చెప్పాలంటే, యాభై రూపాయలూ మిగల్లేదు, సైకిలూ రాలేదు. ఆ ఏడాదంతా బడికి నడిచాను.