వేపతోపులో బావ గురి

మా బావ సిద్దిపేటలో డ్రిల్లు సారు. ఆదివారమైతే ఊరి బయటి వేపతోపులో తొమ్మిది చెట్లకు సుద్దతో గుర్తులు పెట్టి, ప్లాస్టిక్ చక్రం విసిరి వరసగా వాటికి తగిలించే ఆట నాతో ఆడేవాడు. తక్కువ విసుర్లతో ముగించినవాళ్లే గెలిచినట్టు. గురి తప్పితే చాలు, వేలు తడిపి పైకెత్తేవాడు. ఆకు కదలకపోయినా "గాలి మలిపింది" అనేవాడు.

ఒకరోజు మాకు అన్నం తెచ్చిన అక్క కాసేపు చూసి, "గిదెంత పని? ఇటియ్యి" అంది. బావ ఐదుసార్లు తప్పిన చెట్టుకు ఒక్క విసురుతో తగిలించింది. నాకు నవ్వు ఆగలేదు. బావ మాత్రం చెట్టునే చూస్తూ నిలబడ్డాడు.

పెళ్లయిన పదేళ్లలో తన కంచం తాను తీసుకోని మనిషి, టిఫిన్ డబ్బా విప్పి కూర్చున్నాడు.

"మిగిలిన చెట్లు గూడ కొట్టిరా. నీకు అన్నం నేను పెడ్త."