నూట నలభై నాలుగు పేర్ల దావత్

మూడు దారిలో పగిలాయి. తొమ్మిది ఎండలకు పేలాయి. నూట ఇరవై ఒకటి మా చేతులతోనే మురుగు మోరీలో పారబోశాం. ఇది బీరు సీసాల లెక్క. ఒక్కో సీసా మీద ఒక్కో మనిషి పేరుండేది. అందుకే ఈ లెక్క నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

నేను జనగామ మార్కెట్లో ఒక ధాన్యం వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవాణ్ని. ఆరో తరగతితో బడి ఆగిపోయింది. కూడికలు, వడ్డీలు, తరుగులు అన్నీ బస్తాల మధ్య నాకు నేనే నేర్చుకున్నాను. నా స్నేహితుడు, మా మాటలో సోపతి, భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు, నాకంటే రెండేళ్లు పెద్ద. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్నప్పుడు వాళ్ల కాలనీ వాళ్లంతా శిబిరం వేసుకుని కూర్చున్నారు. అక్కడ అతను అందరి ముందు ఒక మాట ఇచ్చాడు. రాష్ట్రం వచ్చిన రోజు ఈ శిబిరంలో కూర్చున్న ప్రతి మనిషికీ, అతని పేరు రాసి ఉన్న బీరు సీసా చేతిలో పెడతానని. నవ్వించడానికే అన్నాడు. కానీ జనం దాన్ని పట్టుకున్నారు.

ఆ డిసెంబరులో రాష్ట్రం ఇస్తామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. మరునాడు పొద్దున్నే సోపతి ఫోను.

"నూట నలభై నాలుగు మందిమి తేలినం రా. సరిగ్గ పన్నెండు పెట్టెలు. లెక్క ఎట్ల కుదిరిందో సూడు!"

"అన్నా, సీస మీద పేరెట్ల రాస్తరే?"

"గది నువ్వు సూడు. నేను మాటిచ్చిన. మాట నాది, పని నీది."

మానుకోటలో నాకు తెలిసిన ఒక భాయ్ పెళ్లిపత్రికలు అచ్చువేసేవాడు. మహబూబాబాద్ అని బోర్డుల మీదే ఉంటుంది, మాకు అది మానుకోటే. రైల్లో వెళ్లి విషయం చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"తాగేటోడు సీసను సూస్తడా భాయ్? లోపలున్నదాన్ని సూస్తడు గని!"

"గీ సీసను సూస్తరు."

"సరే. కాగితం మీద అచ్చేస్త. సీసను మాత్రం ముట్ట. మా అమ్మకు తెలిస్తే బువ్వ పెట్టది."

గులాబీ రంగు అంచు, మధ్యలో మన పది జిల్లాల పటం, కింద 'మన రాష్ట్రం, మన దావత్' అని ఒక వరుస, దాని కింద పేరుకు ఖాళీ. కూలి వద్దన్నాడు. కాగితం ఖర్చు మాత్రం తీసుకున్నాడు. పేర్లు నేనే నల్ల సిరాతో రాశాను.

మా పెరట్లో సిమెంటు తొట్టి ఉంది. పన్నెండు పెట్టెల సీసాలనూ అందులో నానబెట్టి, కంపెనీ లేబుళ్లు పీచుతో రుద్ది తీసేశాను. మొదట గోడపత్రికలకు వాడే మైదా లైతో ఒక లేబుల్ అంటించి, ఆ సీసాను ఐసు బకెట్లో పెట్టి చూశాను. కాసేపటికే పేరు జారి నీళ్లలో తేలింది. దాంతో మనసు చివుక్కుమంది. అందుకని తెల్ల జిగురుతో అంటించి, పైన పారదర్శకంగా ఉండే టేపు చుట్టూ తిప్పాను. ఇక నీళ్లకు కాదు కదా, వానకు కూడా చెదరదు. పెట్టెల్లో వరిగడ్డి కుక్కి, ఒక్కో సీసాకు పాత పేపరు చుట్టి సర్దాను. నా బతుకులో అంత నాజూకు పని ఇంకొకటి చేయలేదు.

డీసీఎం వ్యానులో స్టేషన్ ఘన్‌పూర్, వరంగల్ మీదుగా బయలుదేరాం. పరకాల దాటాక రాస్తారోకోకి అడ్డం పెట్టిన రాళ్లు ఇంకా పక్కకు తీయలేదు. బండి ఒక్కసారి ఎగిరిపడింది. అక్కడే మూడు పోయాయి.

కాలనీలో మేకలు కోశారు. ఇనుప డ్రమ్ముల్లో ఐసు దిమ్మలు వేసి సీసాలు పెట్టారు. పిల్లలు డ్రమ్ముల్లోకి వంగి వాళ్ల నాయినల పేర్లు వెతుక్కుంటున్నారు. సాయంత్రం ఆరుబయట పెట్టిన టీవీలో మళ్లీ ఢిల్లీ మాట వచ్చింది. రాష్ట్రం సంగతి ఇంకా అందరితో చర్చించాలట. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకున్నారని అర్థం కావడానికి మాకు కొంత సమయం పట్టింది. చేతిలో గరిటె పట్టుకున్నవాడు అలాగే నిలబడిపోయాడు. కూర అడుగంటిన వాసన వచ్చేదాకా ఎవరూ కదల్లేదు.

చివరికి ఒకతను అన్నాడు. "తెచ్చినం కదా. తాగి పండుదాం."

రిటైరైన ఒక తాత ఉండేవాడు. బొగ్గు దుమ్ముకు ఊపిరితిత్తులు చెడి, నాలుగు మాటలకోసారి ఆగేవాడు. ఆయన డ్రమ్ము మీద చెయ్యి పెట్టాడు. "రాష్ట్రం రాని దావత్... ఏం దావత్ రా? నా పేరున్న సీస... మూత తీసినోని చెయ్యి ఇరుస్త."

సోపతి తువ్వాలతో ఒక్కో సీసా తుడిచి మళ్లీ పెట్టెల్లో సర్దాడు. పెట్టెలన్నీ వాళ్ల క్వార్టరులో మంచాల కిందికి చేరాయి. సోపతి భార్య, నాకు వదిన, చాలా రోజులు దెప్పింది. "నా ఇంట్ల మంచం కింద వంద మందికి పైన మొగోళ్లు పన్నరు తమ్మీ. ఒక్కడు కూడా ఇల్లూడ్వడు!"

మొదటి ఎండాకాలం మధ్యాహ్నం ఒకటి పేలింది. వదిన బాంబనుకుని బయటికి ఉరికింది. ఏ పేరున్న సీసా పేలిందో ఆ మనిషిని కాలనీ అంతా పరామర్శించింది. "పోయినవా అన్నా? ఎప్పుడు తీసుకపోతున్నరు?" అని. నవ్వులాటే. ఆ ఎండలోనే ఇంకా కొన్ని పేలాయి. నేను వెళ్లినప్పుడు వదిన అడిగింది.

"తమ్మీ, గిది ఎన్ని నెలలుంటదో సీస మీదనే రాసి ఉంటదట కదా?"

అప్పుడు గాని నాకు తట్టలేదు. తయారైన తేదీ, గడువు, అన్నీ కంపెనీ లేబుల్ మీదే ఉంటాయి. వాటిని పీచుతో రుద్ది తీసింది నేనే. అంకె కనిపిస్తే చదవకుండా వదలని నేను, ఆ రోజు ఒక్క అంకె కూడా చూడలేదు. పేరు చెదరకూడదన్నదే చూశాను.

సోపతికి చెప్పాను, ఖరాబైపోతాయి, కొత్తవి తెస్తానని.

"పేరు పెట్టినంక మారుస్తమా? చేదుదే కదరా. ఇంకింత చేదైతది. రాష్ట్రం రానీ ముందు."

ఏళ్లు గడిచాయి. తాత పోయాడు. ఆయన సీసా మంచం కిందే ఉంది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. కొందరు జబ్బుతో, ఒకడు బండి కింద పడి. రాష్ట్రం ఖాయమని పార్లమెంటులో తేలిన కొన్నాళ్లకు, మార్కెట్లో కాంటా దగ్గర ఉండగా ఫోను వచ్చింది. బాయిలో పైకప్పు కూలింది. లోపల ఉన్నది సోపతి. నాకు మాట అర్థమైంది కానీ లోపలికి దిగలేదు. తూకం రాస్తూనే ఉన్నాను. నాలుగు బస్తాలు రాశాక కలం జారిపోయింది.

రాష్ట్రం వచ్చిన జూన్‌లో నేనే కొత్త సీసాల పెట్టెలు మోసుకుని భూపాలపల్లి వెళ్లాను. మాట అతనిదే అయినా పని నాది. బతికి ఉన్నవాళ్లు నూట ముప్పై ముగ్గురు. పాత సీసా మొదటిది తెరవగానే పులిసిన వాసన కొట్టింది. అడుగున మడ్డి, పైన ఒక్క బుడగ లేదు. ఒకతను నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. ఎవరూ నవ్వలేదు. అన్నీ మోరీలో పోశాం. లేబుళ్లు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి, సిరా కూడా వెలిసిపోలేదు. బ్లేడుతో కోసి తీసి, కొత్త సీసాలకు రబ్బరు బ్యాండ్లతో కట్టాను. ఈసారి కంపెనీ లేబుల్ ముట్టుకోలేదు. పగిలినవాళ్ల, పేలినవాళ్ల పేర్లు మళ్లీ రాశాను. అందరూ ఎవరిది వాళ్లు పట్టుకుని నిలబడే తాగారు.

పోయినవాళ్ల సీసాలు వదిన ఒక పక్కన పెట్టింది. వాటికి బదులు కొత్తవి తెచ్చానని, వాళ్ల ఇళ్లకు ఇద్దామని అన్నాను. సోపతి పేరున్న సీసా అందుకోబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన తియ్యలేదు కదా తమ్మీ మూత. నువ్వెట్ల తీస్తవ్?"

ఇప్పుడు వాళ్ల కొడుకు అదే బాయిలో పని చేస్తున్నాడు, అదే క్వార్టరు. వెళ్లినప్పుడల్లా వంగి, మంచం కిందే ఉన్న ఆ సీసాలను చూస్తాను. పేర్లన్నీ నా చేతిరాతే.

ఇస్తామన్నవి నూట నలభై నాలుగు. ఇచ్చినవి నూట ముప్పై మూడు. బాకీ పదకొండు.