పైపు పక్క దారి

గోదావరిఖనిలో పరుగెత్తడానికి ఇంతకంటే మంచి దారి లేదు. మా కాలనీ చివర, గనుల్లోంచి తోడి పోసిన నీళ్లతో నిండిన చెరువు ఉంది. తెల్లవారుతుండగా కట్ట మీద నిలబడితే రామగుండం వైపు పొగగొట్టాలు నీళ్లలో తలకిందులుగా కనిపిస్తాయి. నీటికోళ్లు వాటిని ముక్కలు చేసుకుంటూ ఈదుతుంటాయి. కట్ట దిగగానే నీలగిరి తోట. రాలిన ఆకు మెత్తగా పరుచుకుని ఉంటుంది, మోకాళ్లకు సుఖం. తోటలో ఒక ఇనుప పైపు దారి వెంబడే సాగుతుంది. అవతల బస్సు రోడ్డు పక్కనున్న పంపుహౌసు నుంచి చెరువుకు నీళ్లు తెచ్చేది అదే. పైపు పక్కనే పోతే పాత మట్టి గుట్ట, గుట్ట వెనక టేకు చెట్లు, చెట్ల మధ్య ఒక వాగు, వాగు ఒడ్డున నెమళ్లు. డెబ్భై దాటిన నేను ఆ వాగును రోజూ ఒక్క గెంతులో దాటి, పంపుహౌసు గోడ ముట్టుకుని వెనక్కి వచ్చేవాణ్ణి. ఒకసారి అడవిపంది ఎదురైతే అదే పక్కకు తప్పుకుంది.

కట్ట మీద టీ కొట్టు దగ్గర ఈ మాటలు వినేవాళ్లు ఇద్దరు. ఒకరు మా బావ, అంటే మా అక్క భర్త. ఇంకొకరు గనిలో మా పనిని కనిపెట్టి చూసిన సర్దార్. ముగ్గురం ఒకే బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయినవాళ్లం. సర్దార్ నెమ్మదిగా నడిచేవాడు. బావ చెరువు చుట్టూ చిన్నగా పరుగు తీసేవాడు. తోటలోకి పోయేది నేనొక్కణ్ణే.

మాకొక అలవాటు పోలేదు. బాయి దిగేముందు బీడీ, అగ్గిపెట్టె, ఫోను ఏదీ ఒంటి మీద ఉండకూడదు, జేబులు తడిమి మరీ పంపేవారు. రిటైరై ఇన్నేళ్లయినా, కట్ట మీదికి రాగానే మా చేతులు వాటంతట అవే జేబుల్లోకి పోయేవి. ఉన్నదంతా సంచిలో వేసి టీ కొట్టు గుంజకు తగిలించి గానీ పరుగు మొదలుపెట్టేవాళ్లం కాదు. సంచి మిగిలిందంటే దాని మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు లెక్క.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒకనాడు బావ నన్ను నిలదీశాడు.

"బామ్మర్ది, గీ ఎండలల్ల చెరువే సగమైంది. నీ వాగుల నీళ్లెక్కడియిరా?"

"మోకాళ్ల లోతున్నయి బావా. నిన్ననే కాళ్లు కడుక్కున్న."

"రేపు నేను చూసొస్త. లేకపోతే మీ అక్క ముందట నీ ముచ్చట చెప్త."

మరునాడు నేను కావాలనే ఆలస్యంగా వెళ్లాను. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. సర్దార్ నడక ముగించి టీ తాగుతున్నాడు. గుంజకు బావ సంచి ఒక్కటే వేలాడుతోంది.

"పొద్దు పొడవకముందే తోటలకు వోయిండు కాక," అంది టీ కొట్టు ఆమె. "ఇంక మర్రి రాలే."

సర్దార్ ఫోను చేశాడు. ఆ ఫోను సంచిలోంచి మోగింది. నేను సంచిలో చేయి పెట్టాను. ఫోను, కళ్లజోడు, వాటి కింద చాక్లెట్ల పొట్లం. బావకు షుగరు. అది మరీ తగ్గితే కళ్లు తిరిగి పడిపోతాడని, చాక్లెట్ లేకుండా గడప దాటొద్దని డాక్టరు చెప్పాడు. జేబులు ఖాళీ చేసే అలవాటులో దాన్ని కూడా తీసి సంచిలో వేశాడు.

చాక్లెట్లు జేబులో వేసుకున్నాను. టీ కొట్టు ఆమె చక్కెర కాగితంలో కట్టి అదే జేబులో పెట్టింది. "గిది గూడ తీస్కపో. నమలస్తదో లేదో."

సర్దార్ అప్పటికే స్కూటర్ స్టార్ట్ చేశాడు. "నీకెరికైన తొవ్వనే గదా. నువ్వు ఇటుకెల్లి పో. నేను రోడ్డు మీదికెల్లి తిరిగి పంపుహౌసు దిక్కుకెల్లి వస్త. నడిమిట్ల కలుద్దాం. ఏమంటవ్?"

ఏమంటాను? తోటలో మొదటి మలుపు దాటి నేను ఎన్నడూ పోలేదు. ఆ మలుపు దగ్గర నీడలో కాసేపు కూర్చుని, చెరువు నీళ్లు చొక్కా మీద చల్లుకుని, రొప్పుతూ వెనక్కి వచ్చేవాణ్ణి. టేకు చెట్లు, వాగు, నెమళ్లు, పంది అన్నీ ఆ నీడలో పుట్టినవే. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచేసరికి స్కూటర్ మలుపు తిరిగింది.

మలుపు దాటాక దారి రెండుగా చీలింది. ఎటు పోవాలో తెలియక పైపు వెంట పట్టాను. "బావా!" అని అరిస్తే నీలగిరి ఆకుల గలగల తప్ప జవాబు లేదు. ఎండ నెత్తిన పడుతోంది. ముందు రోజు ఆయన నన్ను నిలదీసిన గొంతు గుర్తొచ్చింది. అక్క ముఖం గుర్తొచ్చి మళ్లీ అరిచాను.

బాయిలో పైకప్పు కూలి మనిషి అవతల చిక్కుకుంటే, ఇనుప పట్టాల మీదో పైపు మీదో కొట్టి చెవి పెట్టి వింటారు. రాయి తీసుకుని పైపు మీద మూడు దెబ్బలు కొట్టాను. ఆ పూట పంపు నడవడం లేదు, ఖాళీ పైపు గంటలా మోగింది. చెవి ఆనించాను. చెంప కాలింది.

టంగ్. టంగ్. టంగ్.

బతికే ఉన్నాడు! ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. పరుగెత్తాను. ఈసారి నిజంగానే. ఆగి కొట్టాను, జవాబు ఇంకా గట్టిగా వచ్చింది. మధ్యలో పైపు ఒక గండి మీదుగా పోయింది. గండి పక్కనున్న కాలిబాటన ముందుకు చూస్తూనే దాటిపోయాను. గుట్ట చుట్టూ తిరిగేసరికి ఎదురుగా సర్దార్ స్కూటర్ వదిలేసి రొప్పుతూ వస్తున్నాడు. ఆయన చేతిలోనూ రాయి ఉంది.

"దొరికిండా?" అన్నాడు.

"మీ దిక్కు కొడుతున్నడు గదన్నా?"

"నా దిక్కా? నీ దిక్కుకెల్లి గదా చప్పుడచ్చింది!"

ఒకరి రాయి ఒకరు చూసుకున్నాం. ఇంతసేపూ నేను కొడితే ఆయన జవాబిచ్చాడు, ఆయన కొడితే నేను. ఇంకెవరైనా అయితే అరుచుకుంటూ, పొదలు చూసుకుంటూ వచ్చేవారు. మేము చెవులు నమ్ముకుని, మధ్యలో ఏముందో చూడకుండా ఒకరి మీదికి ఒకరం పరుగెత్తాం. సర్దార్ రాయి కింద పడేశాడు. నేనూ నాది వదిలేసి కూర్చుండిపోయాను.

అప్పుడు పైపు మోగింది.

చిన్నగా. ఒక్కటే దెబ్బ. చాలాసేపటికి ఇంకొకటి. మా ఇద్దరి చేతులూ ఖాళీగా ఉన్నాయి.

"లెవ్వు," అన్నాడు సర్దార్. పైపుకు చెవి ఆనించి నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు వేశాడు. "నువ్వచ్చిన దిక్కే. నడువు, జల్ది!"

గండిలో పైపు కింద, సిమెంటు దిమ్మెకు ఆనుకుని బావ పడి ఉన్నాడు. చొక్కా తడిసి ముద్దయింది. కళ్లు సగం మూసుకుపోయాయి. చేతిలో కంకర రాయి. నేను పక్కనుంచి పరుగెత్తినప్పుడు ఆయన కొట్టే ఉంటాడు. మా దెబ్బల్లో అది కలిసిపోయింది.

నేను గండిలోకి దూకి ఆయన్ని భుజాన వేసుకున్నాను.

లేదు. దూకింది సర్దార్. నేను కూర్చుని జారుతూ దిగాను. చాక్లెట్ కాగితం విప్పబోతే అది జారి కింద పడింది. తీసి పెట్టినా బావ దవడ కదలలేదు. సర్దార్ నా జేబులోంచి చక్కెర పొట్లం లాక్కుని చించాడు.

"వేలు తడి చేసుకో. బుగ్గ లోపల చక్కెర రుద్దు. మింగియ్యకు, పొలమారుతది. ఊకె రుద్దు."

ఆయన తల నా ఒళ్లో పెట్టుకుని రాశాను. నోరు ఎండి గరుకుగా ఉంది. మళ్లీ రాశాను. సర్దార్ నాడి పట్టుకుని కూర్చుని, మళ్లీ మళ్లీ వేళ్లు జరుపుతున్నాడు. నాడి దొరకడం లేదేమోనని నాకు భయమేసింది. ఇంకెవరూ లేనట్టు మాట్లాడటం మొదలుపెట్టాను.

"బావా, వాగు లేదే. నెమళ్లు లేవు. నేను ఈడికి ఎన్నడు రాలె. అక్కకు నువ్వే చెప్పు, నేను చెప్పలేను. కండ్లు తెరువే."

"మాటలు బందు వెట్టు," అన్నాడు సర్దార్. "రుద్దు."

చక్కెర సగమైంది. మా ముగ్గురి మీదా పైపు నీడ సన్నగా పడుతోంది. దానిలోకే ఆయన ముఖం జరుపుతూ రాస్తున్నాను. వేలు కింద ఏదో కదిలింది. ముందు నా వేలే జారిందనుకున్నాను. కాదు. బావ నాలుక. మెల్లగా వచ్చి వేలు చుట్టూ తిరిగి, చక్కెర అయిపోగానే ఇంకా వెతుక్కుంది.

సర్దార్ చక్కెర పొట్లం నా వేలి దగ్గరికి జరిపాడు.

"ఇంకింత," అన్నాడు బావ.