నవ్వకూడని చోట రంగులమ్మ

పెయింట్ల దుకాణంలో బిల్లులు కొట్టే మనిషికి నటన ఎవరు నేర్పారయ్యా అంటే, దుకాణానికి వచ్చేవాళ్ళే నేర్పారు. గోడకు రంగు ఎంచుకునే మొగుడూ పెళ్ళాలను నాలుగు రోజులు గమనిస్తే చాలు, వేరే బడి అక్కర్లేదు. "నీ ఇష్టమే నా ఇష్టం" అంటూ వచ్చిన మొగుడు, ఆవిడ వేలు పెట్టిన ప్రతి రంగుకీ మొహం మాడ్చుకుంటాడు. ఆవిడేమో "తెలుపే కావాలండీ, కానీ మరీ అంత తెల్లగా వద్దు" అంటుంది. మన రంగులమ్మ ఇవన్నీ కడుపులో దాచుకుని సాయంత్రం ఇంటికి మోసుకొచ్చేది.

మొదట్లో అదంతా అత్తగారి కోసమే. మామగారు పోయాక ఆవిడ పెదవి విప్పడమే మానేసింది. ఒకరోజు కూరలు తరుగుతూ కోడలు ఆ తెలుపు గోలంతా అభినయిస్తే, అత్తగారికి తాగుతున్న నీళ్ళు పొలమారాయి. దగ్గి, కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ చెయ్యవే" అంది. ఆ పూట కోడలి సంతోషం ఇంతా అంతా కాదు.

మర్నాడు ఫోను అత్తగారి చేతికిచ్చి వీడియో తీయమంది. చప్పుడు రాకుండా మొగుడు ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ పక్కగదిలో కూర్చునేవాడు. నవ్వొస్తే అత్తగారి చెయ్యి వణికేది, వీడియోలో వంటిల్లంతా ఊగేది. ఫోను వణికిందంటే మాట పేలినట్టే. వణుకు తగ్గాక కోడలు తర్వాతి మాట అందుకునేది. ఆ వీడియోలు నెట్‌లో పెడితే, చూసినవాళ్ళు పడీపడీ నవ్వి, ఆమెకు రంగులమ్మ అని ముద్దుపేరు పెట్టారు. చూస్తుండగానే సినిమావాళ్ళ నుంచి పిలుపొచ్చింది. వేషం చిన్నదే, రంగులు కొనడానికి వచ్చిన భార్య. అయినా రంగులమ్మ కాళ్ళు నేల మీద నిలవలేదు.

తోడుగా వెళ్ళిన అత్తగారు మొదటి టేకులోనే కిసుక్కున నవ్వింది. ఆవిడను వరండాలోకి పంపేశారు. అక్కడి నుంచి మొదలయ్యాయి తిప్పలు. సెట్టు నిండా జనమే గాని, ఒక్క మొహంలోనూ కదలిక లేదు. కెమెరా గుడ్లప్పగించి చూస్తోంది తప్ప ఊగదు, వణకదు. మాట పేలిందో తుస్సుమందో తెలియక రంగులమ్మ కంగారుపడి కళ్ళు తిప్పింది, చేతులు తిప్పింది, గొంతు పెంచింది.

"అమ్మా, అతి అవుతోంది," అన్నాడు దర్శకుడు, ఓపిగ్గానే. "భోజనాలయ్యాక ఇంకొక్కసారి చూద్దాం. కుదరకపోతే ఏమీ అనుకోకండి, వేరే ఆవిణ్ణి పిలుస్తాను."

వరండాలో అత్తగారి పక్కన కూర్చుని రంగులమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాకిది రాదత్తయ్యా. ఒక్కళ్ళూ నవ్వలేదు."

"వాళ్ళెందుకు నవ్వుతారే పిచ్చిమొహమా! నవ్వకుండా ఉన్నందుకే కదా వాళ్ళకి జీతాలు!"

ఏడుస్తున్నదల్లా కోడలు ఫక్కున నవ్వేసింది. వెంటనే లేచి, అత్తగారి చెయ్యి పట్టుకుని దర్శకుడి దగ్గరకు లాక్కెళ్ళింది. "ఈవిణ్ణి కెమెరా పక్కన కూర్చోనివ్వండి సార్. నాకు కనపడితే చాలు."

సౌండు చూసే ఆయన వద్దు బాబోయ్ అంటూ గుండెలు బాదుకున్నాడు. "నవ్వనయ్యా, నా మీద ఒట్టు," అంటూ అత్తగారు తువ్వాలు మడిచి నోట్లో కుక్కుకుంది.

ఈసారి రంగులమ్మ ఓరకంట ఆవిడ భుజాలనే కనిపెట్టుకుని ఉంది. "ఈ తెలుపు కాస్త నల్లగా ఉందండీ," అంది. భుజాలు ఎగిరిపడ్డాయి. అవి సర్దుకునేదాకా ఆగి, "ఇంకొంచెం తెల్లగా, కానీ చూసినవాళ్ళకి తెలుపని తెలియకుండా ఉండేది చూపించండి," అంది.

తువ్వాలు ఊడిపడింది. అత్తగారి నవ్వు సెట్టంతా మోగింది. సౌండు ఆయన హెడ్‌ఫోన్లు లాగేసి, వద్దన్న నోటితోనే విరగబడి నవ్వాడు. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు.

అత్తగారి మొహం మాత్రం పాలిపోయింది. "అయ్యో, నీ నోట్లో మట్టి కొట్టానే! నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అన్నారా!"

"కంగారుపడకండి పెద్దమ్మా," అన్నాడు దర్శకుడు కళ్ళు తుడుచుకుంటూ. "మాట పూర్తయ్యాకే కదా నవ్వారు. షాట్ ఓకే."

సినిమా విడుదలైన రోజు అత్తాకోడళ్ళు హాలు మధ్యలో కూర్చున్నారు. ఆ తెలుపు మాట రాగానే హాలు నవ్వులతో దద్దరిల్లింది. నోరారా నవ్వుతున్న అత్తగారు ఉన్నట్టుండి ఆగి, అటూ ఇటూ చూసి, కోడలి చెవిలో అరిచింది.

"ఏమే, నా నవ్వు నాకే వినపడట్లేదే!"