గోడకు అవతల ఎంతమంది

నా చిన్నప్పుడు మా ఇంట్లో గిన్నెలు వాటంతటవే మోగేవి. కోలారు బంగారు గనుల దగ్గర, కూలీల లైన్లలో పుట్టి పెరిగినవాళ్లకు ఈ మాట వింతగా ఉండదు. భూమి అడుగున ఎక్కడో రాయి పగిలితే పైన మా అటక మీది సత్తు చెంబులు గలగలమనేవి. ఆడవాళ్లు చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చి గని వైపు చూసేవాళ్లు. సైరన్ మోగుతుందా లేదా అని చెవులు రిక్కించి నిలబడేవాళ్లు. మోగకపోతే మళ్లీ లోపలికి పోయి సంగటి కెలుక్కునేవాళ్లు.

ఒకరోజు మోగింది. నాకు ఏడేళ్లు ఉంటాయేమో. ఆ పొద్దు షిఫ్టులో మా నాయన దిగి ఉన్నాడు. ఆయనతో పాటు ఇంకా ఇద్దరు, ఒకే చోట పనిచేసేవాళ్లు, ఒకే డబ్బాలో ఊరగాయ పంచుకునేవాళ్లు. రాయి కూలి ముగ్గురూ లోపలి వైపు ఉండిపోయారు.

వాళ్లను తవ్వి తీయడానికి దిగినవాళ్లలో మా పక్కింటి తాత ఒకడు. గనిలో పైకప్పు కూలకుండా కొయ్య దూలాలు నిలిపే పని ఆయనది. రెండు రోజుల తర్వాత ఆయన చెప్తేనే మాకు తెలిసింది. గనిలో లోపలికి గాలి పోయే ఇనుప గొట్టం ఒకటి ఉంటుంది. దారి మూసుకుపోతే బయటివాళ్లు ఆ గొట్టం మీద సుత్తితో మూడు దెబ్బలు కొడతారు. లోపల ఎంతమంది ప్రాణంతో ఉంటే అన్ని దెబ్బలు తిరిగి రావాలి. అది అక్కడి కట్టుబాటు. మొదటి రోజు మూడు వచ్చాయట. రెండో రోజు పొద్దున రెండు. సాయంత్రానికి ఒకటే. ఆ ఒక్కటీ కొట్టింది మా నాయన.

మా నాయన ఇంటికి వచ్చాడు గాని, వచ్చినట్టు లేదు. ఒంటి మీద పెద్ద గాయం లేదు. లోపలి అరలో గోడకు ముఖం పెట్టుకుని దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు. అమ్మ ముద్ద కలిపి పెడితే రెండు మింగి చెయ్యి అడ్డం పెట్టేవాడు. మాట లేదు. వచ్చినవాళ్లందరూ మంచి మాటే చెప్పిపోయేవాళ్లు.

"ముగ్గురిలో నువ్వు మిగిలినావంటే దేవుడు నీ పక్కనే ఉండాడప్పా. లే, లేచి మొగం కడుక్కో."

ఆ మాట విన్నప్పుడల్లా మా నాయన దుప్పటి ఇంకొంచెం పైకి లాక్కునేవాడు. ఆ చిన్న వయసులో కూడా నాకది కనిపించేది. పెద్దవాళ్లకెందుకు కనిపించలేదో తెలియదు. మా మేనత్త తాయెత్తు కట్టింది. ఎవరో వేపాకు మండలతో దిగదుడిచారు. ఏదీ లోపలికి పోలేదు.

పక్కింటి తాత మాత్రం మా ఇంట్లోకి రాలేదు. ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఒక మధ్యాహ్నం ఆ గోడ మీద అటుపక్క నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. రాతితో, నిదానంగా, ఒకదానికొకటి ఎడం ఇచ్చి. మా నాయన భుజాలు బిగుసుకున్నాయి. అంతే. మరుసటి రోజు అదే వేళకు మళ్లీ మూడు. ఆ పై రోజూ అంతే. కొట్టి, చాలాసేపు ఊరకే ఉండేవాడు. జవాబు లేదు.

అయిదో రోజో ఆరో రోజో నాకు ఓపిక పోయింది. ఆ తాత అంటే నాకు ఇష్టం. పాపం, రోజూ కొడుతున్నాడే, ఎవరూ పలకరే అనిపించింది. జవాబు వస్తే ఆయన సంతోషపడతాడు, అమ్మ ఏడవడం మానేస్తుంది అనుకున్నాను. పచ్చడి నూరే గుండ్రాయి తీసుకుని, మా నాయన పక్కనే గోడ మీద కొట్టాను. అటునుంచి మూడు విన్నాను కదా, నేనూ మూడే కొట్టాను.

మా నాయన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అలాంటిది నేను మనిషి నోట మళ్లీ వినలేదు. దుప్పటితో సహా నేల మీదికి ఒరిగి, రెండు చెవులూ మూసుకుని వణికిపోయాడు. నేను గుండ్రాయి పడేసి బయటికి పరిగెత్తాను.

పక్కింటి తాత అప్పటికే వాకిట్లో నిలబడి ఉన్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, తన దగ్గు ఆగేదాకా ఆగి అడిగాడు.

"మూడు కొట్టింది నువ్వే గదా పాపా?"

తల ఊపాను.

"నాకు తెలుసు. ముగ్గురిలో ఇద్దర్ని నా చేతులతోనే మోసి పైకి తెచ్చినా. ఇంగ మూడు యాడనుంచి వస్తుంది?"

నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆయన తన పైగుడ్డతో నా ముక్కు తుడిచాడు.

"ఏడ్సొద్దు. ఒకటి మాత్రం ఇను. లోపలుండేవాని బదులు మనం కొట్టరాదు. జవాబు వచ్చిందని బయటోళ్లు సుత్తి కింద పెడతారు, ఒక బీడీ ముట్టిస్తారు, హమ్మయ్య అని కూసుంటారు. ఆ కూసున్న కొంచేపట్లోనే లోపలోడు పోతాడు. పలకకుంటే పలకలేదనే తెలియాల. అప్పుడే ఇంగా గట్టిగా తవ్వుతాం."

"మా నాయన పలకకపోతే?"

"రేపు కొడతా. ఎల్లుండీ కొడతా. నాకేం పని, ఈ దగ్గు తప్ప."

అలాగే కొట్టాడు. ఎన్ని రోజులో లెక్క తెలియదు. వాన మొదలైందని మాత్రం జ్ఞాపకం. ఒక మధ్యాహ్నం మూడు దెబ్బల తర్వాత, మా నాయన చెయ్యి దుప్పటిలోంచి బయటికి వచ్చింది. పక్కనున్న నీళ్ల లోటా తీసుకుని, దాని అంచుతో గోడ మీద ఒకసారి కొట్టాడు. ఒకటే. బలం లేని దెబ్బ. ఆ ఒకటి కొట్టడమంటే, తనొక్కడే మిగిలాడని తన చేత్తో తాను చెప్పుకోవడమని నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు. గోడకు అటుపక్క తాత ఏడుస్తున్న చప్పుడు, దగ్గు కలిసిన ఏడుపు, మాకు వినిపించింది. ఇటుపక్క మా నాయన కూడా ఏడ్చాడు. ఆ రాత్రి ముద్ద మొత్తం తిన్నాడు.

ఆ తర్వాత ఆయన గనిలోకి దిగలేదు. పైన దీపాలిచ్చే గదిలో పని ఇచ్చారు. కొన్ని రోజులు బాగుండేవాడు, కొన్ని రోజులు గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. అప్పుడు తాత మళ్లీ తట్టేవాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని ఆయన పోయేదాకా.

ఇదంతా నేను మరిచిపోయాననే అనుకున్నాను. ఇప్పుడు గనులు మూతపడ్డాయి, గిన్నెలు మోగవు. నా కొడుకు రోజూ రైలెక్కి బెంగళూరు పోయి ఉద్యోగం చేసి వచ్చేవాడు. వాడూ ఇంకో ముగ్గురూ పద్దెనిమిదేళ్లు ఒకే పెట్టెలో, ఒకే కిటికీ దగ్గర కూర్చుని పోయినవాళ్లు. బంగారుపేటలో ఎక్కే ఆయన తెచ్చే ఇడ్లీ నలుగురూ తినేవాళ్లు. కరోనా రెండోసారి ఊళ్ల మీద పడ్డప్పుడు నలుగురికీ సోకింది. ఒకే వారంలో ఇద్దరు పోయారు. చివరి చూపుకు కూడా పోనియ్యలేదు. నాలుగో ఆయనకూ, నా కొడుక్కూ తగ్గింది.

తగ్గింది గాని, జబ్బని వేరుగా ఉన్న ఆ ముందు గదిలోంచి వాడు బయటికి రాలేదు. గడప దగ్గర పెట్టిన కంచం సగం అలాగే తిరిగి వచ్చేది. ఆఫీసు ఫోన్లు మోగి మోగి ఆగిపోయేవి. ఒకసారి మాత్రం తలుపు సందులోంచి, "నేనే అంటించినానేమోమ్మా వాళ్లకు" అన్నాడు. అటువంటివి అనుకోకూడదప్పా అన్నాను. వాడు తలుపు మూసుకున్నాడు.

మా కోడలు అప్పటికి వాళ్లమ్మకు బాగాలేదని బూదికోట పోయి, లాక్‌డౌన్ పెట్టడంతో పిల్లలతో సహా అక్కడే చిక్కుకుపోయింది. రోజూ ఫోన్ చేసేది.

"ఫోన్ ఎత్తడే అత్తా. ఎట్లుండాడు?"

"బాగుండాడమ్మా. ఇప్పుడే తిని పండుకున్నాడు."

"నిజంగా?"

"నిజంగానే. నువ్వు పిల్లల్ని చూసుకో."

ఇరవై రోజులు ఇదే చెప్పాను. పుట్టింటి పట్టుపురుగుల పనితో, జబ్బు తల్లితో సతమతమయ్యే పిల్లను ఎందుకు బాధపెట్టాలి అనుకున్నాను. మంచే చేస్తున్నాననుకున్నాను.

ఒక ఉదయం కంచం పెట్టి లేవబోతుంటే, వాడు లోపలి నుంచి మామూలు గొంతుతో అడిగాడు.

"అమ్మా, నేను లేకుంటే నువ్వు యాడుంటావు? చెల్లెలింట్లోనా?"

కూర ధర అడిగినట్టు అడిగాడు. గడప దగ్గరే కూలబడ్డాను. పక్కింటి తాత పైగుడ్డ వాసన, బీడీ, రాతి దుమ్ము కలిసిన వాసన, అరవై ఏళ్ల తర్వాత ముక్కుకు తగిలింది. ఇన్నాళ్లూ నేను చేసింది ఏమిటో తెలిసింది. వాని బదులు నేను గోడ కొట్టాను. మళ్లీ మూడే కొట్టాను. అటుపక్కవాళ్లు సుత్తి కింద పెట్టి కూర్చున్నారు.

అక్కడ నుంచి కదలకుండానే కోడలికి ఫోన్ చేశాను. "వాడు బాగలేడమ్మా. తినడం లేదు, మాట్లాడటం లేదు. పోయే మాటలు మాట్లాడతాండాడు. ఇన్నాళ్లూ నేను అబద్ధం చెప్పినాను."

"ఆ గడప ఇడిసి కదలొద్దు అత్తా" అంది. బస్సుల్లేవు. బూదికోట నుంచి బయల్దేరే పాల వ్యానులో క్యాన్ల మధ్య కూర్చుని వచ్చింది.

ఆమె వచ్చేదాకా నేను తలుపు మీద తట్టాను. మూడు. ఆగాను. మళ్లీ మూడు. లే అనలేదు, తిను అనలేదు. పక్కింటి తాత గోడ తట్టిన కథ వాడికి చిన్నప్పుడే చెప్పి ఉన్నాను. ఎన్నోసారికో, లోపలి నుంచి, తలుపు కింది చెక్క మీద ఒక దెబ్బ వచ్చింది. ఒకటే. అలసిపోయిన దెబ్బ. అది వాడు తన చేత్తో కొట్టింది, అందుకే నాకు నమ్మబుద్ధయింది.

కోలారులో డాక్టరుకు చూపించాము. మందులు వాడుతున్నాడు. రైలెక్కుతున్నాడు, అయితే ఆ పెట్టె ఎక్కడు. కొన్ని రోజులు ముందు గదిలోకి పోయి కూర్చుంటాడు. అప్పుడు నేనూ కోడలూ వంతులేసుకుని తడతాము.

ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేసి మీ అబ్బాయి ఎట్లుండాడు అని అడిగితే, నేను ఏమీ చెప్పను. ఫోన్ తీసుకుపోయి వాడి ముందు పెడతాను. ఒక్కొక్కసారి వాడు మాట్లాడతాడు. ఒక్కొక్కసారి మాట్లాడడు. అప్పుడు కూడా ఫోన్ వెనక్కి తీసుకోను. అటుపక్కవాళ్లను ఆ మౌనం విననిస్తాను.