మా తోడల్లుడికి పడ్డ తిట్లు

మొన్న కారు సర్వీసింగుకి ఇస్తే, గాజుగోడకి ఇవతల చల్లటి గదిలో సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కాసేపటికి టై కట్టుకున్నాయన ఒకరు వచ్చి, కింద ఒక బోల్టు తుప్పుతో పట్టేసిందనీ, పానా జారి జారి దాని తల గుండయిపోయిందనీ, తియ్యడానికి ఇంకో గంట పడుతుందనీ ఎంతో వినయంగా చెప్పి, రెండో కాఫీ తెప్పించమంటారా అని అడిగాడు. వద్దన్నాను. గాజులోంచి చూస్తే కారు కింద ఎవరివో కాళ్ళు కనిపిస్తున్నాయి. పక్కనే ఇంకొకాయన నిలబడి ఆ కాళ్ళని తిడుతున్నాడు. మాటలు వినపడకపోయినా తిట్లని తెలుస్తూనే ఉంది. ఆ కాళ్ళ మనిషిని చూసి నాకెంత కుళ్ళు పుట్టిందో చెప్తే మీరు నమ్మరు. బీపీ మాత్రలు మింగే వయసొచ్చినా ఈ రోగం మాత్రం తగ్గలేదు.

దీని మొదలు మా అత్తవారింట్లో ఉంది. వాళ్ళది రాజోలు దగ్గర పల్లెటూరు. మామగారికి కొంత వరిచేను, కొంత కొబ్బరితోట, ఇద్దరాడపిల్లలు. మగపిల్లలు లేరు. పెద్దల్లుణ్ణి నేను, కాలేజీలో లెక్కలు చెప్పుకునేవాణ్ణి. నాకు ఊహ తెలిసేసరికే మా నాన్న లేడు. హాస్టళ్ళలో పెరిగాను కాబట్టి చిన్నప్పుడు నన్ను తిట్టినవాళ్ళంతా జీతం తీసుకుని తిట్టినవాళ్ళే. పెళ్ళయ్యాక, కొడుకుల్లేని ఇల్లు కదా, ఆయన నన్ను కొడుకులా చూసుకుంటారని లోపల్లోపల ఆశపడ్డాను. కానీ ఆ సీమ మర్యాద సంగతి నాకప్పటికి తెలీదు. బస్సు దిగ్గానే నా సంచీ నా చేతిలో ఉండేది కాదు. కాళ్ళకి నీళ్ళు, వరండాలో పడక్కుర్చీ, నాకోసమే తిరిగే టేబులు ఫ్యాను. నేను ఎండగా ఉందంటే ఆయన "ఆయ్, ఎండేనండి" అనేవారు. మబ్బేసిందంటే "ఆయ్, మబ్బేనండి" అనేవారు. నేను పొరపాటున పగటిపూట చుక్కలు కనిపిస్తున్నాయన్నా ఆయన పైకి చూసి ఆయ్ అనే ఉండేవారు. ఎదురు చెప్పడం అమర్యాద కదా.

రెండో అల్లుడు అలా కాదు. అత్తగారి తమ్ముడి కొడుకు, సొంత మేనల్లుడు, ఊరు మామిడికుదురు. చిన్నప్పట్నుంచీ సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిపినవాడు. వీధిగుమ్మంలోంచి వచ్చినట్టు నేనెప్పుడూ చూడలేదు. దొడ్డిదారిన వచ్చి, వంటింట్లో గిన్నెల మూతలు తీసి చూసి, వేలితో రుచి చూసి, అత్తగారి చేత మొట్టికాయ తినేవాడు. ఇక మామగారైతే వాణ్ణి చూడగానే మొదలెట్టేవారు. వెధవా, సన్నాసీ, చవటా, దద్దమ్మా. మోటారు స్విచ్చి వెయ్యలేదని ఒక తిట్టు, వేసి కట్టలేదని ఇంకో తిట్టు. వాడు నవ్వుతూ అన్నీ దులుపుకుని పోయేవాడు. ఇక్కడ నేను వెండికంచం ముందు కూర్చుని, ఆ తిట్లలో ఒక్కటైనా ఇటు రాలిపడదా అని చూసేవాణ్ణి. మా ఆవిడతో ఒకసారి ఈ మాటంటే, మీకు మర్యాద ఎక్కువై అరగడం లేదు, అని తీసిపారేసింది.

తొంభైల చివర్లో, ఒక వేసవి సెలవుల్లో ఆయన కారు గేర్‌బాక్సు పోయింది. గుండ్రటి తెల్లకారు, డీజిల్‌ది, ఆయనకి ప్రాణం. నరసాపురం వైపు పనుంటే సఖినేటిపల్లి రేవులో దాన్ని పంటు మీదికెక్కించి గోదావరి దాటించేవారు. ఉప్పునీళ్ళు తగిలి తగిలి కారు అడుగంతా తుప్పెక్కింది. మర్నాడు అందరం మురమళ్ళ వెళ్ళాలి, స్వామికి కల్యాణం చేయిస్తానని అత్తగారి మొక్కు. మెకానిక్కేమో సోమవారం దాకా రానన్నాడు. పొలంలో ఇంజన్లు విప్పి బిగించిన చేతులకి ఇదొక లెక్కా అనుకుని, రాజమండ్రి నుంచి తెప్పించిన పాత గేర్‌బాక్సు పక్కన పెట్టుకుని, కొబ్బరిదుంగల మీద కారెత్తి, మామగారూ మా తోడల్లుడూ కిందకి దూరారు. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్యనున్న బోల్టులన్నీ వచ్చేశాయి, పైనున్న ఒక్కటి తప్ప. అది కదల్లేదు. మా తోడల్లుడు సైజు చూసుకోకుండా ఏదో పానా తగిలించి బలంకొద్దీ లాగితే, పానా జారి ఆ బోల్టు మూలలన్నీ అరిగిపోయాయి. ఇక ఏ పానా పెట్టినా గిర్రున తిరగడమే.

"తల గుండు కొట్టించేవు కదరా వెధవా. పానా పట్టిందో లేదో చూసుకోవక్కర్లేదా?"

"చూసేను మావయ్యా. దానికే తుప్పెక్కువైంది."

"తుప్పు దానికి కాదు, నీ బుర్రకి."

పడక్కుర్చీలో పేపరు పట్టుకుని ఒక్క అక్షరం చదవకుండా ఇదంతా విన్నాను. నా కడుపు మండిపోయింది. ఒక బోల్టు పాడుచేసినందుకు వాడికి ఇంత వైభోగమా! మేం లెక్కలు చెప్పుకునేవాళ్ళం కాబట్టి ఏదీ పాడుచెయ్యం, అందుకే మాకేమీ దక్కదు. బోల్టు చుట్టూ కిరసనాయిలు పోసి నానబెట్టారు. తర్వాత ఆకురాయితో దాని తలని రెండుపక్కలా చదునుగా అరగదీశారు, చిన్న పానా ఒకటి కరుచుకునేలాగ. ఇక ఒకరు పానాని బోల్టుకేసి నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు దాని తోక మీద సుత్తితో కొట్టాలి. మామగారు సుత్తితో అవతలిపక్క, మా తోడల్లుడు పానాతో ఇవతలిపక్క, మధ్యలో గేర్‌బాక్సు. సరిగ్గా అప్పుడు తుప్పుపొడి రాలి మా తోడల్లుడి కంట్లో పడింది. వాడు పాక్కుంటూ బయటికొచ్చి, కళ్ళు మూసుకుని తడుముకుంటూ నీళ్ళకోసం దొడ్లోకి పోయాడు.

కారు కిందనుంచి, "ఏరా, పట్టుకోవేం?" అని వినిపించింది.

నేను చుట్టూ చూశాను. వరండాలో ఎవరూ లేరు. లాల్చీ విప్పి కుర్చీ మీద పడేసి, మెల్లిగా కిందకి దూరి, వాడు వదిలేసిన పానా అందుకున్నాను. నోరు తెరిస్తే అండి అనేస్తానేమోనని పెదాలు బిగించుకున్నాను. మసకలో ఆయనకి నా పిడికిలి తప్ప ఇంకేమీ కనపడదు. మొదటి దెబ్బకే పానా జారింది. "ఒరే చవటా, అన్నమే తింటున్నావంట్రా?" అన్నారు. ఆహా, నా పెళ్ళిలో సన్నాయి కూడా నా చెవికంత ఇంపుగా వినపడలేదు. నిజం చెప్పొద్దూ, రెండోసారి కావాలనే కాస్త వదులుగా పట్టుకున్నాను. దద్దమ్మ అన్నారు. ఒళ్ళు పులకరించింది. అక్కడితో ఆగినా బాగుండేది. "మీ నాన్నా ఇంతేరా, పిడికిట్లో పట్టుండదు" అన్నారు. అది మాత్రం నాది కాదని చురుక్కుమంది. అద్దెకి తెచ్చుకున్న చొక్కా జేబులో వేరేవాళ్ళ చిరునామా దొరికినట్టయింది. మూడోసారి పళ్ళు బిగించి, చెయ్యి విరిగినా సరే అన్నట్టు నొక్కి పట్టాను. టక్కుమని బోల్టు కదిలింది.

ఆయన ఆనందం పట్టలేక సుత్తి పక్కన పారేసి, గేర్‌బాక్సు మీదుగా చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. నా బంగారు కొండవిరా, అంటున్నారు. అంటూండగా ఆయన వేళ్ళకి నా ఉంగరం తగిలింది. పెళ్ళిలో ఆయనే చేయించి పెట్టిన ఉంగరం. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఎవరది?"

"నేనేనండి."

ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నారు. తర్వాత చాలా చిన్న గొంతుతో, "మీరాండీ అల్లుడుగారూ. వాడనుకున్నానండి. తప్పయిపోయిందండి" అన్నారు.

"అలాగే పిలవండి మావయ్యగారూ. నాకు బాగానే ఉంది."

"ఎంతమాటండీ. మర్యాద ఉండద్దాండీ."

అంతే. నా రాజ్యం మూడు సుత్తిదెబ్బల సేపు నడిచి కూలిపోయింది. బయటికొచ్చి, ఆ నూనె చేతులతోనే నాకు దణ్ణం పెట్టబోయారు. నేను పట్టుకుని ఆపాను. సాయంత్రానికి రాజమండ్రి గేర్‌బాక్సు ఎక్కింది. మర్నాడు పొద్దున్న మురమళ్ళ బయల్దేరేముందు నన్ను పీటమీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, తాంబూలంలో జరీపంచెల చాపు పెట్టిచ్చారు, అన్న మాటలకి ప్రాయశ్చిత్తంగా. మా తోడల్లుడికి ఏం పెట్టారనుకున్నారు? కంట్లో నలుసుకే పారిపోయి అల్లుడుగారిచేత చాకిరీ చేయించావని గుమ్మంలో నిలబెట్టి మళ్ళీ తిట్లు! దారిపొడుగునా నేను ముందుసీట్లో పంచెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వాడు వెనక కొబ్బరికాయల బుట్టకీ పిల్లలకీ మధ్య ఇరుక్కుని, తిట్లు తింటూ, నవ్విస్తూ వచ్చాడు. ఆ జరీపంచెలు నేనింతవరకూ కట్టలేదు.

తర్వాత కొన్నేళ్ళకి ఆయనకి మతిమరుపు వచ్చింది. ముందు లెక్కలు మరిచారు, తర్వాత పేర్లు, ఆ తర్వాత మనుషుల్ని. చివరిసారి మేమందరం వెళ్ళినప్పుడు నన్ను చూసి, "దయచేయండి, ఎండన పడి వచ్చేరు" అన్నారు. గుర్తుపట్టారనుకుని మురిసిపోయాను. కాసేపటికి కరెంటు మీటరు చూడ్డానికొచ్చినాయన్ని కూడా అదే మాటన్నారు. ఇంతలో మా తోడల్లుడు ఎప్పట్లాగే దొడ్డిదారిన వచ్చి, ఏదో నములుతూ, "ఏం మావయ్యా, ఎలా ఉన్నావు?" అంటూ మంచం మీద ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆయన వాడివైపు చాలాసేపు చూశారు. చూసి, కాళ్ళు మర్యాదగా వెనక్కి లాక్కుని, "తమరెవరో తెలియలేదండి" అన్నారు.

వాడు లేచి దొడ్లోకి వెళ్ళిపోయాడు. ఎంతకీ రాకపోతే నేను వెళ్ళాను. కొబ్బరిచెట్టుకి ఆనుకుని, పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. "నన్ను అండీ అన్నాడు అన్నయ్యగారూ" అన్నాడు. నేను జీవితమంతా తిన్న మాట వాడికి మొదటిసారి తగిలింది. ఆ క్షణాన సంతోషించాల్సినవాణ్ణి నేను. కానీ నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? "ఊరుకోరా సన్నాసీ" అని వచ్చింది. వాడు చటుక్కున తలెత్తి, కళ్ళు తుడుచుకుని, చాన్నాళ్ళకి ఇంటికొచ్చినవాడిలా నా భుజమ్మీద తల పెట్టాడు. అన్నేళ్ళు నేను కాచుకు కూర్చున్న పిలుపుని, కాలం తిప్పి తిప్పి చివరికి మళ్ళీ వాడికే ఇప్పించింది, అదీ నా చేతే.