టాంకులో గుగ్గిలం

మా అల్లూరులో పని చెడితే పనిముట్టును తిట్టడం రివాజు. ఆడలేక మద్దెల ఓడు అనడంలో మమ్మల్ని మించినవాళ్లు లేరు. కృపాదానం మాత్రం ఆ బాపతు కాడు. ఆయనంటే నాకు అందుకే గౌరవం.

కృపాదానం తండ్రి పడవలకు గుగ్గిలం పూసేవాడు. కొడుకు బిట్రగుంటలో ఇంజన్ల పని నేర్చుకుని వచ్చి, బజారులో మోటారు సైకిళ్లు బాగుచేసే కొట్టు పెట్టాడు. 1961లో కాంపౌండరు అబ్రహాము గారి పాత బండి ఆయన దగ్గరికి వచ్చింది. తుప్పు పట్టకుండా టాంకు లోపల ఎప్పుడో వేసిన పూత పొరలుగా ఊడి, పెట్రోలు దారికి అడ్డుపడుతోంది. తీరంలోని జాలరి పాళేలకు సూదిమందు చేర్చే బండి అదొక్కటే.

కృపాదానం టాంకులో గులకరాళ్లు వేసి ఊపి పాత పూత రాల్చాడు. నూనెలో కాచిన గుగ్గిలం పోసి, అటూ ఇటూ తిప్పి ఆరబెట్టాడు.

"సముద్రాన్నే పడవలోకి రానీదు సార్ ఇది. ఇంత పెట్రోలు దీనికొక లెక్కా?" అన్నాడు.

పడవల వాళ్ల బిడ్డ కదా, నీటికి ఆగింది దేనికైనా ఆగుతుందనుకున్నాడు. నీళ్లకు లొంగని గుగ్గిలం పెట్రోలులో మెల్లగా కరిగింది. ఇసకపల్లి పట్టపుపాళెంలో రాఘవమ్మ బిడ్డకు గొంతు పూడుకుపోతోందని కబురొస్తే, అబ్రహాము గారు బయల్దేరారు. సగం దారిలో, ఇసుకలో, బండి జిగురు మింగి ఆగిపోయింది. ఆయన మందుపెట్టె నెత్తిన పెట్టుకుని నడిచారు. బిడ్డ దక్కాడు గాని, చావు అంచుదాకా వెళ్లి వచ్చాడు.

కల్తీ పెట్రోలు అని ఒక్క మాటంటే సరిపోయేది. ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ అందరూ పొందిన మేళ్లు చెప్పుకుంటుంటే, కృపాదానం లేచాడు.

"రాఘవమ్మ బిడ్డకు అంత కష్టమొచ్చింది నావల్లే. నాకు తెలిసింది పడవ. బండికి గూడా అదే చాలనుకున్నా" అన్నాడు.

ఆమెన్ అనాలో వద్దో సంఘానికి తోచలేదు. బయటికొచ్చాక అబ్రహాము గారు అడిగారు.

"ఇప్పుడేం జేస్తావయ్యా?"

"వంటగిన్నెలకు పోసినట్టు కళాయి పోస్తా సార్. ముందు రేకుముక్కకు పూసి, పెట్రోల్లో నానబెట్టి చూస్తా. అది నిలిస్తేనే మీ టాంకు ముట్టుకుంటా. నమ్మకం లేదంటే ఇంకెవరికన్నా ఇచ్చుకోండి."

అబ్రహాము గారు బండి మళ్లీ కృపాదానానికే ఇచ్చారు. రేకుముక్క మీద కళాయి పెట్రోలుకు చెక్కుచెదరలేదు. పెట్రోలు తాగిన టాంకుకు సెగ చూపడమంటే ప్రాణంతో చెలగాటం. వాసన పూర్తిగా పోయేదాకా మరిగే నీళ్లతో కడిగి, అందరినీ దూరంగా పంపి, బయలులో ఒక్కడే కూర్చుని కళాయి పోశాడు. అంత గుండె నాకైతే లేదు.

బండి మళ్లీ ఇసకపల్లికి బయల్దేరినప్పుడు కృపాదానం వెనక ఎక్కాడు.

"నువ్వెందుకు?"

"ఆగిందంటే మీరు పెట్టె తీసుకోని పోండి సార్. బండి నేను తోసుకోనొస్తా."

బండి ఆగలేదు. పాళెం చేరాక కృపాదానం మాత్రం రాఘవమ్మ ఇంటి దడి దాటి లోపలికి పోలేకపోయాడు. ఆమె చూసింది. బిడ్డను చంకనేసుకుని వచ్చి, ఆ టాంకు మీదే కూర్చోబెట్టింది.

"ఒక చుట్టు తిప్పుకోని రాన్నా" అని కృపాదానంతో అన్నది.